మూడు చేతుల కార్బన్ – మోజెస్ గోంబర్గ్ జీవితకథ

వంటింట్లో వేరుశనగ నూనె డబ్బాకు మూత సరిగా పెట్టకపోతే కొన్ని వారాలకు ఆ నూనె పాతవాసన కొడుతుంది. పొలంలో బోరు నీళ్ళు పారించే పీవీసీ గొట్టం, అంగట్లో పప్పు పొట్లం కట్టి ఇచ్చే మెత్తని రకం పాలిథిన్ సంచి, ఈ పాడైన నూనె – చూడబోతే వీటికి ఏ చుట్టరికమూ లేదు. కాని మూడింటి వెనుకా ఒకే తెగకు చెందిన రసాయన చర్య ఉన్నది. దానిని స్వేచ్ఛా ప్రాతిపదికల చర్య అంటారు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడులలో చదువుకుంటున్న మన పిల్లలకు ఫ్రీ రాడికల్ అన్న ఇంగ్లీషు మాటే ఎక్కువ పరిచయమై ఉండవచ్చును. అటువంటి కర్బన ప్రాతిపదిక ఒకటి ఒంటరిగా నిలువగలదని ప్రపంచానికి మొదట చూపిన మనిషి మోజెస్ గోంబర్గ్. చిత్రమేమిటంటే, ఆయన వెతుకుతూ బయలుదేరినది దానికోసం కాదు.

గోంబర్గ్ 1866 ఫిబ్రవరి 8న రష్యా సామ్రాజ్యంలోని ఎలిజవేత్‌గ్రాద్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఉక్రెయిన్‌లో ఉన్నది. పాలకులు మారినప్పుడల్లా ఊరి పేరూ మారింది. 2016 నుంచి దానిని క్రొపివ్‌నిత్స్కీ అంటున్నారు. ఊరు కదలకుండానే ఏలుబడీ పేరూ మారిపోవడమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్యకు గురయ్యాడు. ఆ నెపంతో యూదుల ఇళ్ళమీద, దుకాణాలమీద అల్లరిమూకలు పడ్డాయి. ఆ దాడులు మొట్టమొదట చెలరేగినది ఎలిజవేత్‌గ్రాద్‌లోనే. అప్పటికి గోంబర్గ్ పదిహేనేళ్ళ బడిపిల్లవాడు. తరువాత తండ్రిమీద రాజద్రోహపు ఆరోపణ వచ్చింది, ఆస్తి జప్తు అయింది. 1884లో కుటుంబం ప్రాణాలు దక్కించుకుని అమెరికాలోని చికాగో నగరానికి చేరింది.

చేతిలో డబ్బు లేదు, నోట ఇంగ్లీషు లేదు. తండ్రీ కొడుకులకు దొరికిన పని చికాగో పశువుల దొడ్లలో కూలిపని. ఆ రోజులలో అమెరికా అంతటికీ మాంసం సరఫరా చేసే ఆ దొడ్లు, వధశాలలు వలస కూలీల కష్టానికి మారుపేరు. ఆ పని చేస్తూనే గోంబర్గ్ ఉన్నత పాఠశాల చదువు ముగించి, 1886లో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. దేశానికి వచ్చి రెండేళ్ళే అయింది. ఆ రెండేళ్ళలో ఆ యువకుడు ఎన్ని గంటలు నిద్రపోయి ఉంటాడో ఊహించుకోవలసిందే.

1890లో పట్టభద్రులయ్యారు. 1894లో ఆల్బర్ట్ ప్రెస్కాట్ అనే ఆచార్యుని వద్ద డాక్టరేటు పొందారు. పరిశోధన విషయం కాఫీలోని కెఫీన్, దాని సంబంధీకులైన పదార్థాలు. ఇంటికి పంపవలసిన డబ్బుకోసం బయటివారు తెచ్చే సరుకుల విశ్లేషణ కూడా చేసేవారు. ఒక పదార్థంలో ఏ మూలకం ఎన్ని పాళ్ళు ఉన్నదో తేల్చిచెప్పే ఆ పని చూసేవారికి విసుగు పుట్టిస్తుంది. కాని ఆ విసుగు పనిలో కుదిరిన చేయే తరువాత ఆయనను నిలబెట్టింది.

ఆ కాలంలో రసాయన శాస్త్రానికి కాశీ జర్మనీ. 1896లో గోంబర్గ్ సెలవు పెట్టి అక్కడికి వెళ్ళారు. మ్యూనిక్‌లో బేయర్ ప్రయోగశాలలో కొంతకాలం పనిచేసి, ఆపై హైడెల్‌బర్గ్‌లో విక్టర్ మేయర్ వద్ద చేరారు. అక్కడ ఒక మొండి సమస్యను నెత్తికెత్తుకున్నారు. కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులుంటాయని బడిలో చెబుతారు కదా. ఆ నాలుగు చేతులతోనూ నాలుగు బెంజీన్ వలయాలను పట్టుకున్న అణువు, అంటే టెట్రాఫినైల్ మీథేన్, తయారుచేయాలని ఆయన సంకల్పం. అంతకుముందు చాలామంది ప్రయత్నించి విఫలులయ్యారు. మేయర్ స్వయంగా ఆ పనికి పూనుకోవద్దని హితవు చెప్పారు. గోంబర్గ్ వినలేదు. 1897లో ఒక ఆజో సమ్మేళనాన్ని వేడిచేసి దానిని సాధించారు. చేతికి దక్కినది నూటికి కొద్ది పాళ్ళు మాత్రమే. అయినా అది ఉన్నదని రుజువైంది. ఆ ఆజో సమ్మేళనం వేడికి చీలేటప్పుడు పుట్టేవి స్వేచ్ఛా ప్రాతిపదికలేనని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అంటే తన పేరు నిలబెట్టబోయే వస్తువు అప్పుడే ఆయన గాజుపాత్రలో పుట్టి, ఎవరికంటా పడకుండా పోయిందన్నమాట. ఆ ఏడాదే ఆగస్టులో మేయర్ మరణించారు. గోంబర్గ్ ఆన్ ఆర్బర్‌కు తిరిగి వచ్చారు.

ఇక్కడ కొంచెం పూర్వకథ అవసరం. ప్రాతిపదిక అనే మాట రసాయన శాస్త్రంలో గోంబర్గ్ పుట్టకముందునుంచీ ఉన్నది. చర్య తరువాత చర్యలోనూ చెదరకుండా ఒక అణువునుంచి మరొక అణువులోకి మారే పరమాణువుల గుంపుకు ఆ పేరు పెట్టారు. ఆ గుంపును ఒంటరిగా పట్టుకోవాలని 1840ల చివర కోల్బే, ఫ్రాంక్‌లాండ్ వంటి ఉద్దండులు ప్రయత్నించారు, పట్టుకున్నామనీ అనుకున్నారు. తరువాత లెక్క చూస్తే వారికి దొరికినది ఒంటరి గుంపు కాదు, రెండు గుంపులు కలిసిన జంట. 1858లో కేకులే కార్బన్‌కు నాలుగు బంధాలని నిర్ణయించాడు. ఆ పునాదిమీద కర్బన రసాయన శాస్త్రమనే మేడ అంతా లేచింది. అద్దకపు రంగులు, మందులు అన్నీ ఆ లెక్క ప్రకారమే తయారవుతున్నాయి. నాలుగో చేయి ఖాళీగా ఉన్న కార్బన్ ఉంటుందనడం 1900 నాటికి పాత భ్రమ కిందే లెక్క.

గోంబర్గ్‌కూ ఆ భ్రమ లేదు. నాలుగు వలయాల అణువు సాధించాను కనుక, ఇక ఆరు వలయాలది చేద్దామనుకున్నారు. దాని పేరు హెక్సాఫినైల్ ఈథేన్. పద్ధతి తేలికైనదే. మూడు బెంజీన్ వలయాలున్న ఒక కార్బన్ తన నాలుగో చేతితో క్లోరిన్‌నో బ్రోమిన్‌నో పట్టుకుని ఉంటుంది. దానికి మెత్తని వెండి పొడి కలిపితే వెండి ఆ క్లోరిన్‌ను లాక్కుంటుంది. చేయి ఖాళీ అయిన రెండు ముక్కలు ఒకదానినొకటి పట్టుకుంటాయి. ఆ జంటే కావలసిన పదార్థం.

చర్య జరిగింది. తెల్లని స్ఫటికాలు వచ్చాయి. 185 డిగ్రీల వద్ద కరిగాయి. చూడడానికి అంతా సవ్యంగానే ఉన్నది. అయితే గోంబర్గ్ విశ్లేషణ చేయకుండా దేనినీ నమ్మే మనిషి కాదు. స్ఫటికాలను తూచి, కాల్చి, వచ్చిన బొగ్గుపులుసు వాయువును, నీటిని తూచారు. తాను అనుకున్న పదార్థమే అయితే నూటికి దాదాపు 94 పాళ్ళు కార్బన్, మిగిలిన 6 పాళ్ళు హైడ్రోజన్ ఉండాలి. రెండూ కలిపి నూరు. కాని కార్బన్ 88 పాళ్ళే తేలింది. హైడ్రోజన్ సరిగానే ఉన్నది. ఆరు పాళ్ళు ఎక్కడికో పోయాయి.

ఇటువంటి చోట చాలామంది చేసేదేమిటో ప్రయోగశాల ఎరిగినవారికి తెలుసు. పదార్థం సరిగా కాలలేదనుకుని మళ్ళీ కాలుస్తారు. రెండోసారీ అంతే వస్తే సరుకులో మాలిన్యం ఉన్నదంటారు. మూడోసారికి ఆ పని కట్టిపెట్టి మరొకటి మొదలుపెడతారు. గోంబర్గ్ వెండికి బదులు వేరే లోహాలు వాడారు, కాల్చే తీరు మార్చారు, మళ్ళీ మళ్ళీ తూచారు. ప్రతిసారీ అదే లెక్క. తన చేతిమీద ఆయనకు నమ్మకం ఉన్నది. చేయి తప్పుకాకపోతే, అనుకున్న పదార్థమే తప్పు. ఆ లోటు ఆరు పాళ్ళూ ఆక్సిజన్‌వి. ఆ తెల్లని స్ఫటికం రెండు ముక్కల మధ్య రెండు ఆక్సిజన్ పరమాణువులు దూరిన పెరాక్సైడు.

సీసాలోకి ఆక్సిజన్ గాలినుంచే రావాలి. అయితే మామూలు హైడ్రోకార్బన్లు గది వేడిమిలో గాలి తగిలితే అంత తొందరగా ఆక్సిజన్‌ను పీల్చుకోవు. కిరోసిన్ సీసా మూత తీసి ఉంచితే ఆవిరైపోతుంది గాని పెరాక్సైడుగా గడ్డకట్టదు కదా. అందుచేత గాలి పొడ తగలకుండా, అంతా బొగ్గుపులుసు వాయువు నిండిన పరికరంలో చర్యను నడిపే ఏర్పాటు గోంబర్గ్ తానే రూపొందించుకున్నారు.

ఈసారి ద్రావణం పసుపుపచ్చగా మారింది. దానినుంచి వేరు చేసిన ఘనపదార్థానికి రంగు లేదు. దానిని తిరిగి కరిగిస్తే మళ్ళీ పసుపు. గాలి తగలనిస్తే పసుపు మాయమై తెల్లని పెరాక్సైడు దిగుతుంది. అయొడిన్ కలిపితే వెంటనే దానినీ పట్టుకుంటుంది. నాలుగు చేతులూ నిండిన కార్బన్ ఇంత ఆత్రంగా ప్రవర్తించదు. మూడు వలయాలను మూడు చేతులతో పట్టుకుని, నాలుగో చేయి చాచి నిలబడిన కార్బన్ తప్ప మరేదీ ఈ లెక్కకు సరిపోదని గోంబర్గ్ నిర్ణయానికి వచ్చారు. దానికి ట్రైఫినైల్ మిథైల్ అని పేరు పెట్టారు.

1900 చివరలో ఈ సంగతి అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలోనూ, జర్మనీ పత్రికలోనూ అచ్చయింది. వ్యాసం చివర, ఈ పని తాను కొనసాగిస్తాననీ, ఈ క్షేత్రాన్ని తనకోసం అట్టే ఉంచవలసినదనీ ఆయన సవినయంగా రాసుకున్నారు. ఆనాటి పండితులలో అటువంటి మర్యాద ఉండేది. దున్నబోయే చేనుకు హద్దురాళ్ళు పాతినట్టు. వయస్సు 34 ఏళ్ళు, ఉద్యోగం సహాయ ఆచార్య పదవి, ఊరు ఐరోపా పండితులు పట్టించుకోని అమెరికా పట్టణం. తప్పని తేలితే మిగిలేది నగుబాటే. ఆ పరిస్థితిలో కేకులే సూత్రానికి మినహాయింపు ఉన్నదని సంతకం పెట్టడం చిన్న సాహసం కాదు. కొన్నేళ్ళలోనే ఆ హద్దురాళ్ళను దాటి జర్మనీనుంచి, ఇతర దేశాలనుంచి ఎందరో ఆ చేనులోకి దిగారు. గోంబర్గ్ ఎవరితోనూ తగవుకు పోలేదు.

సందేహించినవారి వాదనలోనూ బలం లేకపోలేదు. ద్రావణంలో అణుభారం కొలిస్తే ఒంటరి ముక్క భారం కాక, దానికి రెట్టింపు వచ్చింది. అంటే అక్కడున్నది జంటే కదా అని వారి ప్రశ్న. క్రమంగా సమాధానం దొరికింది. ద్రావణంలో జంటలూ ఒంటరులూ కలిసే ఉంటాయి. మామూలు వేడిమిలో జంటలదే మెజారిటీ, ఒంటరులు నూటికి రెండు మూడు పాళ్ళకు మించవు. పసుపు రంగు ఆ కొద్దిమందిదే. సీసాను గాలితో ఒకసారి కుదిపితే రంగు పోతుంది, కాసేపు ఉంచితే మళ్ళీ వస్తుంది. ఊటబావిలో నీరు తోడిన కొద్దీ ఊరినట్టు, ఒంటరులు ఖర్చయిన కొద్దీ జంటలు విడిపోయి ఆ లోటు పూడుస్తాయి. 1908లో ష్మిడ్లిన్ ఈ వింతను వివరంగా చూపాడు. 1910లో ష్లెంక్ మరింత పెద్ద సమూహాలు తగిలించి, పూర్తిగా ఒంటరిగానే ఉండిపోయే ప్రాతిపదికను తయారుచేశాడు. దానితో వాదం చాలావరకు సద్దుమణిగింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం గోంబర్గ్‌ను విషవాయువుల పనికి పిలిచింది. మస్టర్డ్ వాయువు తయారీకి కావలసిన ఒక ముడిపదార్థాన్ని పెద్దయెత్తున చేసే పద్ధతి ఆయన కనిపెట్టి ఇచ్చారు. ఆ పని ఆయన మనస్సుకు ఏమాత్రం నచ్చలేదు. తరువాత సైన్యంలో మేజరు హోదాలో పొగలేని తుపాకిమందు తయారీకి సలహాదారుగా ఉన్నారు. ఇష్టం లేకపోయినా చేశారన్నది నిజం. దానిని మాఫీ చేయనక్కరలేదు, దాచనూ అక్కరలేదు.

1924లో శిష్యుడు వెర్నర్ బాక్‌మన్‌తో కలిసి రెండు బెంజీన్ వలయాలను జతచేసే చర్యను ప్రకటించారు. నేటికీ అది గోంబర్గ్–బాక్‌మన్ చర్య పేరుతోనే పాఠ్యపుస్తకాలలో ఉన్నది. అదీ స్వేచ్ఛా ప్రాతిపదికల దారిలోనే నడుస్తుంది. 1927 నుంచి 1936లో పదవీ విరమణ వరకు రసాయన శాఖకు అధిపతిగా, 1931లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షునిగా ఉన్నారు. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు.

ఇంత జరిగినా మొదటి మూడు దశాబ్దాలు ఈ ప్రాతిపదికలను చాలామంది వింతవస్తువుగానే చూశారు. మూడు పెద్ద వలయాల అండ ఉన్నది కాబట్టి ఆ కార్బన్ అలా నిలిచింది, మామూలు చిన్న ముక్కలకు ఆ యోగం ఎక్కడిదని వారి భావన. 1929లో బెర్లిన్‌లో పానెత్ చేసిన ప్రయోగం దానికి జవాబు చెప్పింది. సీసం కలిసిన ఒక సమ్మేళనపు ఆవిరిని గాజుగొట్టంలో ప్రవహింపజేసి ఒకచోట వేడిచేశాడు. అక్కడ సీసం అద్దంలా పేరుకుంది. ప్రవాహంలో దానికి ముందువైపున మరొకచోట వేడి చేయగా, అక్కడ కొత్త అద్దం ఏర్పడుతుంటే పాత అద్దం కరిగిపోయింది. కరిగించినది వేడికి విడిపడిన మిథైల్ ప్రాతిపదిక. దాని ఆయుష్షు సెకనులో కొన్ని వేల వంతులు. గోంబర్గ్‌ది సీసాలో నిలువ ఉండే ప్రాతిపదిక, పానెత్‌ది కనురెప్ప వేసేలోగా పోయేది. జాతి ఒక్కటే.

1933లో గోంబర్గ్ కూలిపని చేసిన ఆ చికాగో నగరంలోనే, విశ్వవిద్యాలయంలో ఖరాష్, మేయో అనేవారు మరొక చిక్కుముడి విప్పారు. హైడ్రోజన్ బ్రోమైడు కొన్ని అణువులకు ఒకనాడు ఒక కొసకు, మరొకనాడు రెండో కొసకు అంటుకునేది. కారణం తెలియక పండితులు తలలు పట్టుకున్నారు. అసలు దోషి సీసాలో పాతబడిన పదార్థంలోని పెరాక్సైడు. అది ప్రాతిపదికలను పుట్టించి దారి మళ్ళిస్తున్నది. ఖరాష్ కూడా నేటి ఉక్రెయిన్ గడ్డమీద పుట్టి బాల్యంలో అమెరికా చేరినవాడే. ఇక్కడినుంచి ప్రాతిపదిక వింతవస్తువు కాక పనిముట్టు అయింది. ఒకటి పుడితే చాలు, అది ఒక అణువును తాకి మరొక ప్రాతిపదికను పుట్టిస్తుంది, అది ఇంకొకదానిని. ఈ గొలుసు చర్యతోనే పీవీసీ, మెత్తని పాలిథిన్ తయారవుతాయి. మన నూనె డబ్బాలో గాలి చేసే పనీ ఇదే గొలుసు.

మందులు తయారుచేసే సంశ్లేషణ రసాయనజ్ఞులకు ఇది ఎందుకు ముద్దయిందో ఒక్క ఉదాహరణ చాలు. ఆల్డోస్టెరోన్ అనే హార్మోను శరీరంలో ఉప్పును, రక్తపోటును అదుపుచేస్తుంది. పరిశోధనకు అది మిల్లీగ్రాముల కొద్దీ కూడా దొరకని రోజులవి. దానిని చేయాలంటే అణువులో ఏ పట్టూ లేని ఒక కార్బన్ వద్ద మార్పు జరగాలి. సాధారణ చర్యలకు అక్కడ చేయి ఆనదు. 1960లో డెరిక్ బార్టన్ పక్కనే ఒక నైట్రైటు సమూహాన్ని ఉంచి వెలుతురు ప్రసరింపజేశాడు. అక్కడ పుట్టిన ప్రాతిపదిక తనకు అందుబాటులో ఉన్న ఆ మొండి కార్బన్‌నుంచే హైడ్రోజన్‌ను లాగింది. దానితో ఆ హార్మోను గ్రాముల లెక్కన చేతికి వచ్చింది. 1985లో డెన్నిస్ కరన్ బృందం ఒక ప్రాతిపదికను పుట్టించి, ఒకే ఊపులో రెండు వలయాలను మూయించి, శిలీంధ్రంలో దొరికే హిర్సుటీన్ అనే పదార్థాన్ని నిర్మించింది. ఈ పనులకు చాలాకాలం తగరపు సమ్మేళనాలు వాడారు. అవి విషపూరితాలు, తుది సరుకునుంచి వదిలించడం కష్టం. 2008 నుంచి మామూలు దీపకాంతితోనే ప్రాతిపదికలను పుట్టించే పద్ధతులు బాగా వ్యాపించాయి.

వీటిలో చాలా సంగతులు గోంబర్గ్ చూడలేదు. ఆయన వివాహం చేసుకోలేదు. చెల్లెలు సోన్యా ఇంటి బాధ్యత చూసుకునేది. 1947 ఫిబ్రవరి 12న, ఎనభై ఒకటవ పుట్టినరోజు గడిచిన నాలుగు రోజులకు, ఆన్ ఆర్బర్‌లోనే కన్నుమూశారు. తన ఆస్తిని రసాయన శాఖ విద్యార్థుల ఉపకార వేతనాలకు రాసి ఇచ్చారు.

ఒక లెక్క మాత్రం ఆయన తరువాత తేలింది. ఒంటరి ప్రాతిపదికలు రెండు కలిస్తే ఏర్పడే జంట, తాను మొదట తయారుచేయబోయిన హెక్సాఫినైల్ ఈథేనే అన్న అభిప్రాయమే చాలాకాలం పుస్తకాలలో చెలామణి అయింది. 1905లోనే జేకబ్సన్ అనే జర్మన్ పండితుడు వేరే ఆకారం సూచించినా ఎక్కువమంది చెవినబెట్టలేదు. 1968లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు అయస్కాంత అనునాదమనే కొత్త పరికరంతో చూసి జేకబ్సన్ చెప్పినదే నిజమని తేల్చారు. ఒక ముక్క చేయి చాచినది రెండో ముక్క చేతిని కాదు, దాని వలయపు అంచును. నడిమి కార్బన్లు రెండూ వలయాల రద్దీలో ఒకదానినొకటి అందుకోలేవు. అలంకారాలేవీ తగిలించని అసలు హెక్సాఫినైల్ ఈథేన్‌ను, అంటే 1900లో గోంబర్గ్ వెండి పొడి చేతబట్టి తయారుచేయ బయలుదేరిన ఆ పదార్థాన్ని, ఎవరూ వేరుచేసి చూపలేకపోయారు.